జొన్నకు పడని గాలి

సోఫాలో కూర్చునే ముందు దుప్పటి ఎత్తి చూడాలి. తలుపు వేసే ముందు కాళ్ల దగ్గర చూడాలి. గేటు సందుకు కట్టిన జాలీ ఊడలేదని చూసుకున్నాకే బడికి బయల్దేరాలి. డాబా మీద గద్ద తన్నుకుపోకుండా పక్కనే నిలబడాలి. ఇవన్నీ నా పనులు. జొన్న మా ఇంటి చివావా కుక్క. నా రెండు అరచేతుల్లో పడుతుంది. జొన్నగింజంత ఉందని అత్తమ్మ పెట్టిన పేరు. నేను ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చిన వేసవిలోనే, నా భర్త జైపాల్ దాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుని తెచ్చాడు. ఫ్యాక్టరీలో మేనేజర్ బదిలీ అయి వెళ్తూ ఇచ్చాడట.

"రవళీ, నీకు జెర టైంపాస్ అయితది," అన్నాడు. నాకు కరువైంది కాలక్షేపమనుకున్నాడు.

గాలి మళ్లితే కాజీపల్లి మందుల కంపెనీల వాసన మా ఇంట్లోకి వస్తుంది, గొంతులో గీరుకుంటూ. నిన్న ఆ వాసనకు జొన్న దగ్గింది, బాతు అరిచినట్టు. జైపాల్ పరుగున వచ్చి కిటికీలన్నీ మూశాడు. తలుపు కింద తడి తువ్వాలు కుక్కాడు. అత్తమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి దిష్టి తీసింది. "ఎవల కన్ను పడ్డదో నా తల్లి మీద," అంటూ పొయ్యిలో వేసింది. మూసిన ఇంట్లో ఆ ఘాటుకు జొన్న ఇంకా దగ్గింది.

"అమ్మా, దాని పాణం తీస్తవా ఏంది!"

"ఇగ నన్నే అను! దిష్టి తీసుడు గూడ తప్పేనా?"

నవ్వు రావలసిన చోట నాకు ఈర్ష్య కలిగింది. పిడికెడు కుక్క మీద.

కడుపుతో ఉన్నప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నేనూ అడిగాను, కాన్పయ్యేదాకా సంగారెడ్డిలో ఉందామని. "ఊరంతా పీలుస్తలేరా? నీదే నాజూకు పాణమా?" అన్నాడు జైపాల్. "నేను గీ ఇంట్లనే ముగ్గుర్ని కన్న," అంది అత్తమ్మ. ఆమె కన్నప్పుడు చుట్టూ ఉన్నవి కంపెనీలు కాదు, చేలు. ఏడో నెలలో పాప కడుపులోనే పోయింది. ఈ గాలి వల్లేనని ఏ డాక్టరూ చెప్పలేదు. నేనూ అనను. నిరూపించలేనిది చెప్పడం నాకు అలవాటు లేదు. అడిగానన్నది మాత్రం నిజం.

ఈ రోజు పటాన్‌చెరులో పశువుల డాక్టర్ జొన్న గొంతు తడిమి, దీని గాలిగొట్టం చాలా సన్నం, ఈ గాలి పడదన్నాడు. ఇల్లు చేరేలోపే జైపాల్ ఫోన్‌లో వెతికి సంగారెడ్డిలో కిరాయికి ఒక ఇల్లు చూశాడు. ఇంటికి రాగానే ఆ ఇంటి యజమాని పెద్దరాములుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"ఎంతమంది ఉంటరు సార్?"

"ముగ్గురం. చిన్న కుక్కపిల్లుంది. దాని కోసమే మారుతున్నం."

"పిల్లలు?"

"లేరన్నా. మాకసల్ పిల్లలే కాలే."

జొన్న నా ఒళ్లో నిద్రపోతోంది. దాని గుండె నా చీర మీద టకటకా కొట్టుకుంటోంది. మెల్లగా ఎత్తి జైపాల్ చేతుల్లో పెట్టాను. ఫోన్ తీసుకున్నాను.

"అన్నా, నేను టీచర్ని. నాకు ఒక బిడ్డ అయింది, బతకలే. మీ ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట."

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. జైపాల్ తన చేతుల్లోని కుక్కను చూశాడు, నన్ను చూశాడు.

"మరి దీన్నెవలు సూస్తరు?" అన్నాడు.

నేను పెద్దరాములును చిరునామా చెప్పమన్నాను.