తుడిచేసిన మందు

నర్సు చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. కవరు చించి, పూడిన రక్తనాళాన్ని తెరిచే బెలూన్ తీసింది, తడి గుడ్డతో ఒక్కసారి తుడిచింది. మామూలు బెలూన్లను రోజూ అలాగే తుడుస్తుంది. తుడిచాక కవరు మీది పేరు చూసింది.

ఇది మామూలుది కాదు. నాళం మళ్ళీ పూడుకుపోకుండా ఆపే మందు పూసినది. తడి తగిలితే పూత పోతుంది.

బల్ల మీద ఉన్నది ఆమె బాబాయి, దర్జీ. గుండె రక్తనాళం రెండోసారి పూడుకుపోయింది. గడ్డలను ఆపే మాత్రలు వేస్తే కడుపులో పుండు నెత్తురు కక్కిస్తోంది. అందుకే ఆ మాత్రలు చాన్నాళ్ళు వాడాల్సిన స్టెంటు వద్దని, మందును నేరుగా నాళం గోడకే అద్దాలనుకున్నాడు డాక్టరు. వట్టి బెలూన్ వెళ్తే ఇవాళ నాళం తెరుచుకుంటుంది, ఇంటికెళ్ళాక మళ్ళీ మూసుకుంటుంది. ఇంకోసారంటే ఆయన తట్టుకోలేడు.

"సిస్టర్, బెలూన్!" డాక్టరు ఎక్స్‌రే తెర మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాచాడు.

"సార్... తడి గుడ్డతో తుడిచేశాను. స్టోర్‌లో ఇంకోటుంది."

"అది వచ్చేదాకా ఈయన ఆగాలిగా! కాస్త పోయుంటుంది, అంతే. ఇటివ్వు."

ఇచ్చేస్తే ఇక్కడెవరికీ తేడా తెలియదు. ఆమె కత్తెర అందుకుంది. బెలూన్ రెండు ముక్కలై ట్రేలో పడింది.

"మతి పోయిందా నీకు?" డాక్టరు అరిచాడు. టెక్నీషియన్ స్టోర్ వైపు పరుగెత్తాడు.

"ఏమే బుజ్జీ," బాబాయి గొంతు పీలగా వచ్చింది. ఆయనకు మత్తు గొట్టం దూర్చిన మణికట్టు దగ్గరే ఇచ్చారు, మెలకువగానే ఉన్నాడు. "కత్తెర చప్పుడేంటే? కొలత తప్పావా?"

"తప్పాను బాబాయ్. కొత్త గుడ్డ వస్తోంది."

"తొందరగా కానీ. ఎవడో ఛాతీ మీద ఇస్త్రీపెట్టె పెట్టి మర్చిపోయాడు."

ఆయన కళ్ళు మూతపడ్డాయి. మానిటర్ మోత నెమ్మదించింది. నా చేతులతో నేనే చంపుతున్నానా?

టెక్నీషియన్ రొప్పుతూ వచ్చాడు. ఆమె పొడి గ్లవ్స్ తొడుక్కుని కొత్త బెలూన్ అందించింది. అది నాళం మలుపులో ఇరుక్కుంది. అక్కడే ఉండిపోతే ఈ పూతనూ రక్తమే కడిగేస్తుంది. డాక్టరు వెనక్కి లాగాడు, తిప్పాడు, మళ్ళీ తోశాడు. కదిలింది. చోటుకు చేరి ఉబ్బింది.

తెర మీద నల్లటి దారంలా రక్తం కొసదాకా పాకింది.

"బాబాయ్!"

ఆమె ఆయన మీదికి వంగింది.

"బాబాయ్!"

"అరవకే... కుట్టు సరిగ్గా పడిందా?"

ఆమె ఆయన నుదుటి మీద చెమట తుడవబోయి, చేతికందిన తడి గుడ్డను చూసి ఉలిక్కిపడి వదిలేసింది.