లాడం కొట్టిన పడవ

నరదిష్టికి నాపరాయైనా పగులుతుందంటారు. ఇక ఫైబర్ పడవ ఎంత? అందుకే సునామీ తరువాత కొన్న కొత్త పడవ పులికాట్ ఒడ్డుకు రాగానే, గంగులమ్మ దాని ముక్కుకు గుర్రపు లాడం కొట్టించింది. పుట్టింట్లో చెక్కపడవలన్నిటికీ అలాగే కొట్టేవాళ్లు. పొడుగాటి మేకులు దిగ్గొట్టారో లేదో, పడవలోని చిన్న డబ్బా మీద ఎర్రదీపం వెలిగింది.

ఆ డబ్బా ధరణిది. తిరుపతి కాలేజీలో పరిశోధన చేసే పిల్ల. పడవ తయారయ్యేటప్పుడే ఫైబర్ పొరల మధ్య వెంట్రుకల్లాంటి నల్లదారాలు పెట్టించింది. పైకి కనబడకుండా లోపల ఎక్కడ పొర విడినా ఆ దారాలు పసిగడతాయి, దీపం వెలుగుతుంది.

కబురందగానే బస్సెక్కి వచ్చిన ధరణి లాడం చూసి తల పట్టుకుంది. "ఎంత పని చేసినావక్కా! దారం తెగితే తెగినాది. ఇది చెక్క కాదు, మేకు చుట్టూ పొరలు చీలతాయి. పీకేసి ఆడ మళ్లీ పొరలు వేయిద్దాం."

"దిష్టిలాడం పీకేదా? నా మొగుడి ప్రాణానికి నువ్వు పూచీనా?" గంగులమ్మ కస్సుమంది.

ధరణి ఏం చేస్తుంది పాపం! మిగిలిన దారాలు కలిపి దీపం ఆర్పింది. మళ్లీ వెలిగితే పడవను నీళ్లలోకి దించబోమని గంగులమ్మ చేత ఒట్టు వేయించుకుని వెళ్లింది.

కార్తీకంలో దీపం మళ్లీ వెలిగింది. గంగులమ్మ మొగుడు మునస్వామి పడవ చుట్టూ తిరిగి, కొబ్బరికాయను చూసినట్టు వేళ్లతో కొట్టి చూశాడు. "గీతైనా ల్యా. పోయినసారి మేకుకే గదా వెలిగింది? ఇప్పుడూ అదే." దీపం మీద నల్లటేపు అంటించాడు.

గంగులమ్మ పడవకు అడ్డంగా నిలబడింది. "ఈ పొద్దు పోవద్దు మామా. ఒట్టేసినాను."

"లాడం కొట్టించేదీ నువ్వే, బయపడేదీ నువ్వేనా? పీకెయ్యమంటావా, సెప్పు. ఇప్పుడే పీకి పడవను ఒడ్డునే పెడతా."

ఆమె లాడం వైపు చూసి పక్కకు తప్పుకుంది. లాడం ఉండగా ఏం కాదులే అని తనకు తానే చెప్పుకుంది. మునస్వామి నవ్వుకుంటూ పడవ తోసుకుపోయాడు.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. మిగతా పడవలన్నీ ఒడ్డెక్కాయి. పొద్దుగూకే వేళకు మునస్వామి పడవ ముక్కు ఒక్కటే కొట్టుకొచ్చింది. మేకుల దగ్గర మొదలైన చీలిక పొరపొరా విప్పుకుంటూ పోయింది, లోపలి నల్లదారాలు వేలాడుతున్నాయి. లాడం కొట్టినచోటే ఉంది.

గంగులమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "రావే ముండా, ఇప్పుడన్నా రావే!" అంటూ గోళ్లు లేచి నెత్తురు కారేదాకా లాగింది. అది ఊడలేదు.