తూర్పు స్టాండు కూత

నేను ఒక నోరును. వెనక పొట్ట లేదు, లోపల నాలుక లేదు, కొరకడానికి పళ్ళూ లేవు. అల్యూమినియం రేకును బూరలా చుట్టి, మెడకు ఒక అయస్కాంతం బిగిస్తే తయారైన నోరు. జనం నన్ను ‘మైకు’ అంటారు. మైకు వేరు బాబూ, నేను వేరు. మైకు వినేది, నేను వాగేది. చెవినీ నోటినీ కలిపి ఒకే పేరుతో పిలవడం మనుషులకే చెల్లింది. అందుకే వాళ్ళ సభల్లో అందరూ మాట్లాడేవాళ్ళే, వినేవాడు ఒక్కడూ కనపడడు.

కుషాయిగూడలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను మొదట కొన్నది మెట్టుగూడలో మైకు సెట్లు అద్దెకిచ్చే సత్తయ్య. ఆయన దగ్గరున్నన్నాళ్ళూ అన్ని పార్టీలకూ బాకా ఊదాను. పొద్దున ఒక జెండా, సాయంత్రం ఇంకో జెండా. అజెండా మాత్రం ఎవరిదీ నాకు అర్థం కాలేదు. బోనాలకు పాట, ఎన్నికలకు మాట, ఎన్నికలయ్యాక ఆ మాటకు టాటా. చివరికి సత్తయ్య కొట్టు మూసేసి నన్ను ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు అమ్మాడు.

క్లబ్బు పేరు లష్కర్ లయన్స్. సికింద్రాబాదును పాతవాళ్ళు లష్కర్ అనే అంటారు. లాలాగూడ దగ్గర గ్రౌండులో, తూర్పు స్టాండు వెనకాల ఇనప స్తంభానికి నన్ను కట్టారు. ఆ స్టాండులో కూర్చునేది చుట్టుపక్కల రైల్వే క్వార్టర్ల జనం. అప్పట్లో నాకు జీతం లేని సెలవు. ఖలీల్ అనే మైకు ఆపరేటరు ఎవరు గోలు కొట్టారో నాలోంచి అరిచి చెప్పేవాడు కానీ, ఆ హోరులో నా అరుపు నాకే వినపడేది కాదు. గోల్ పడితే గోల, పడకపోతే గోళ్ళు. స్టాండు పేరుకే స్టాండు కాదు, నిజంగానే జనం నిలబడే చూసేవారు.

ఆ స్టాండుకు ఒక ఆనవాయితీ ఉండేది. మనవాళ్ళకు కార్నర్ కిక్ దొరికితే, అంటే మైదానం మూల నుంచి బంతిని గోలు ముందుకు తన్నే అవకాశం వస్తే, అంత జనమూ ఒక్కసారిగా నోరు మూసుకునేవారు. పిల్లల నోళ్ళు కూడా తల్లులు మూసేవారు. అప్పుడు పై వరుసలో, సరిగ్గా నా కింద, రత్నం లేచేవాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. చెయ్యి నోటికి అడ్డం పెట్టి ఒక కూత కూసేవాడు. బొగ్గు ఇంజను కూతే, తేడా లేదు. “కూ... ఊఊ... లష్కర్!” ఆ తర్వాతే హోరు. కూతకు ముందు ఎవరైనా చప్పట్లు కొడితే పక్కవాడు తొడపాశం పెట్టేవాడు. అవతలి జట్టు గోల్‌కీపరు కూడా ఆ నిశ్శబ్దంలో తలెత్తి పైకి చూసేవాడు. చూశాడంటే బంతి గోల్లోకి వెళ్ళిందన్నమాటే.

ఒక వానాకాలంలో, ఆటల్లేని రోజుల్లో, రత్నం పోయాడు.

కొత్త సీజను మొదలైంది. మొదటి కార్నర్ వచ్చింది. స్టాండు అలవాటుగా నోరు మూసుకుంది. ఎదురుచూసింది. ఇంకొకడు కూయవచ్చు, గొంతులకేం కరువు? కానీ చచ్చినవాడి చెప్పుల్లో కాళ్ళు పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ నిశ్శబ్దంలోనే ఆటగాడు బంతిని తన్నాడు. అది గోడ దాటి రోడ్డు మీద పడింది. ప్రతి ఆటలోనూ ఇదే తంతు. నోరున్న జనం నోరెత్తలేని ఆ క్షణం రానురానూ పొడుగైంది. దానికి భయపడి ఒక్కొక్కరే రావడం మానేశారు.

క్లబ్బువాళ్ళు మాత్రం కారణాలు వేరే చెప్పుకున్నారు. మంచి ఆటగాళ్ళను అమ్మేశామనీ, టీవీ కోసం ఆటను పనిదినాల్లో పెట్టామనీ, టికెట్లు ఫోనులో కొనమన్నామనీ. అవీ నిజాలే. లయన్స్ లయ తప్పింది, ఇక లయమవుతుందన్నారు పేపర్లవాళ్ళు. ఫ్యాన్లు తిరగడం మానేస్తే ఉక్కపోత ఎవరికి? మేనేజరు శశిధర్‌కి. బెజవాడ నుంచి వచ్చిన మనిషి, మంచివాడే. ఈ సీజను స్టాండ్లు నిండకపోతే జట్టును వేరే ఊరికి తరలిస్తామని యజమానులు ఆయనతో చెప్పేశారు.

ఆయన ఖలీల్‌ని పిలిచాడు. “ఖలీల్ గారూ, ఖాళీ స్టాండు టీవీలో స్మశానంలా కనపడుతోందండీ. కనీసం వినడానికైనా జనం ఉండాలి. పాత మ్యాచుల హోరు మీ దగ్గర ఉందటగా?”

“బొచ్చెడుంది సార్. సరదాకు రికార్డు చేసుకున్న. అన్నిట్ల గట్టిది పెడ్త” అన్నాడు ఖలీల్.

పెట్టాడు. అందులో ఏముందో ఖలీల్‌కే గుర్తు లేదు. రోజూ పీల్చే గాలిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఆ రోజు కార్నర్ రాగానే నా గొంతులో హోరు దానంతటదే తగ్గింది. ఆ తర్వాత నాలోంచి వచ్చింది. “కూ... ఊఊ... లష్కర్!”

స్టాండులో అక్కడక్కడా మిగిలిన తలలన్నీ నావైపు తిరగలేదు. నా కింద, ఎవరూ లేని పై వరుస వైపు తిరిగాయి.

“అరే... రత్నమన్న!” అన్నాడు ఐలయ్య. గేటు బయట చాయ్ బండి ఆయనది.

“నోర్ముయ్ రా, అది మైకు” అన్నాడు పక్కవాడు.

“మైకైతే నాకెందుకు చెమటలు పడ్తున్నయ్ రా?”

“చాయ్ ఎక్కువ తాగినవ్. పా, బయటికి పోదాం.”

వాళ్ళ వెనకే మిగతావాళ్ళూ వెళ్ళారు. మళ్ళీ లోపలికి రాలేదు. అప్పటినుంచీ ఆట ఉన్న సాయంత్రాల్లో ఐలయ్య బండి చుట్టూ నిలబడి, గోడవతల నుంచే వినేవారు. లోపల మనుషుల్లేని గొంతులు, బయట గొంతుల్లేని మనుషులు. మధ్యలో టికెట్టు కౌంటరు ఆవులిస్తూ కూర్చునేది.

ఇంకొక సంగతి నాకూ ఖలీల్‌కీ మాత్రమే తెలుసు. రికార్డింగు పెట్టి వదిలేస్తే దాని దారిన అది పోతుంది; ఆటలో కార్నర్లు వాటి దారిన అవి వస్తాయి. ఆ రెండూ కలవకూడదు. కలిసేవి. ప్రతిసారీ కలిసేవి. ఖలీల్ బటన్ల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని, వాటివంక చూస్తూ కూర్చునేవాడు.

అలాంటి ఒకనాడు ఒక పెద్దావిడ టికెట్టు కొనుక్కుని వచ్చి, పై వరుసకు ఒక మెట్టు కింద కూర్చుంది. ఆటవైపు చూడలేదు. కూత వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంది. తర్వాతి ఆటకూ వచ్చింది. ఒక్క అభిమాని అయినా మిగిలిందని మురిసిపోయి శశిధర్ స్వయంగా పైకెక్కాడు. వెనకే ఖలీల్.

“అమ్మా, మా జట్టులో మీకు ఎవరి ఆట ఇష్టమండీ?”

“ఆట నాకేం తెల్సు సారూ. నేను రత్నం భార్యను, ఎస్తేరును. మా ఆయన ఇంటికొస్తలేడు.”

శశిధర్ ఖలీల్ వైపు చూశాడు. ఖలీల్ అప్పటికే ఒక మెట్టు వెనక్కి దిగాడు.

“పోయిండు సారూ, పోయినోడే” అంది ఆవిడ. “ఆయన పేరు మీద ప్రార్థన కూడిక పెట్టిచ్చిన. పాస్టరుగారు నెమ్మదిగ పండుకున్నడన్నరు. మీరు ఈడ కూతేపిస్తుంటే ఎట్ల పంటడు? ఆట ఉన్ననాడు ఇంట్ల ఆయన కుర్సీ సల్లగ ఉంటది. ఎప్పట్లెక్క లేసి గ్రౌండుకు పోయినట్టే.”

“అమ్మా, గలతీ నాదే. ఇప్పుడే తీసేస్త” అన్నాడు ఖలీల్.

“తీసేస్తవ్ తమ్మీ. తీసేస్తే ఆ గొంతు మళ్ళ నేను యాడ ఇనాలె? ఫోటో ఉన్నది, గొంతు లేదు నా దగ్గర.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఉంచితే ఆయనకు నిమ్మళం లేదు. తీస్తే నాకు లేదు.”

శశిధర్ ఆవిడ పక్క సీటులో కూర్చున్నాడు. “అమ్మా, వచ్చే ఆటకు యజమానులు వస్తున్నారు. ఆ ఒక్కరోజు ఆగుతారా? ఆ తర్వాత మీరెలా అంటే అలా.”

“ఆగుత. గని ఆ మైకు ఒక్కసారి నాకియ్యాలె. ఆయనతోని ఒక మాట చెప్పాలె.”

ఆ రోజు యజమానులు ఎండ పడని చోట కూర్చున్నారు. తూర్పు స్టాండులో ఎస్తేరమ్మ ఒక్కతే. మిగతా సీట్ల మీద పావురాలు. కార్నర్ వచ్చింది. హోరు తగ్గింది. కూత వచ్చింది. ఖలీల్ రికార్డింగు ఆపి, మైకు ఆవిడ చేతిలో పెట్టాడు. వైరు చివరిదాకా సాగి వణుకుతోంది.

ఎన్నో ఉపన్యాసాలు మోశాను. ఇంత చిన్న మాట ఎప్పుడూ మోయలేదు.

“ఏమయ్యా. ఇగ సాలు. అందరూ పోయిన్రు. అన్నం సల్లారుతున్నది. పా ఇంటికి.”

దేవుణ్ణి ప్రార్థించినట్టు అనలేదు. వీధి చివర పేకాటలో కూర్చున్న మొగుణ్ణి పిలిచినట్టు అంది.

గాలి లేదు. పై వరుస పావురాలు లేచాయి. ఆ తర్వాత దాని కింది వరుసవి. తర్వాత ఆ కిందివి. ఎవరో మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతున్నట్టు, వరుస తర్వాత వరుస, తొందర లేకుండా. ఎస్తేరమ్మ మైకు ఖలీల్‌కిచ్చి వాటి వెనకే దిగింది. గేటు దగ్గర ఐలయ్యా, చాయ్ గుంపూ పక్కకు జరిగారు. ఒక మనిషికి కావలసినంత కాదు, ఇద్దరికి సరిపడా దారి ఇచ్చారు.

ఖలీల్ మళ్ళీ రికార్డింగు పెట్టాడు. ఇంకో కార్నర్. హోరు తగ్గింది. నిశ్శబ్దం. కూత లేదు. నిశ్శబ్దం అయిపోయాక హోరు దానంతటది లేచింది. ఖలీల్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. అందులో కూత ఉంది, ఎప్పటిలాగే ఉంది. నా గొంతులోంచి మాత్రం రాలేదు.

ఆట ముగిసే వేళకు ఐలయ్యా వాళ్ళు కౌంటరులో టికెట్లు కొని లోపలికొచ్చారు. సీట్ల మీద రెట్టలు తుడుచుకుని కూర్చున్నారు. వాళ్ళను చూడాల్సిన యజమానులు సగం ఆటకే లేచి వెళ్ళిపోయారు. జట్టు ఊరు మారింది. అక్కడ కొత్త స్పీకర్లట, నాలాంటి పాత నోళ్ళు వద్దట.

నన్ను విప్పడానికి ఖలీల్, శశిధర్ వచ్చారు. స్తంభానికి నిచ్చెన వేసి బోల్టులు తిప్పుతూ ఖలీల్ చెప్పాడు. “ఆ కూత ఒక్కటి కోసి పెన్‌డ్రైవ్‌ల ఏసుకుని, ఎస్తేరమ్మ ఇంటికి పోయిన సార్. ఆమెకు గొంతు కావాలె కదా అని.”

“తీసుకున్నారా?”

“లే. గుమ్మంలనే ఆపింది. నోటి మీద వేలు పెట్టింది. ‘మెల్లగ మాట్లాడు తమ్మీ, గిప్పుడే కన్నంటుకుంది ఆయనకు’ అన్నది.”

శశిధర్ నవ్వలేదు. ఖలీల్ కూడా నవ్వడం కోసం చెప్పలేదు. ఆ తర్వాత ఇద్దరూ గుసగుసగానే మాట్లాడుకున్నారు. కింద పాత ఇనుము బండి వేచి ఉంది. పుట్టినప్పటి నుంచీ వాగడం తప్ప వేరే పని ఎరగని నన్ను, గోనెసంచి పరిచి, రేకు రేకుకు తగలకుండా చూసుకుంటూ, ఏమాత్రం చప్పుడు కాకుండా అందులోకి దించారు.