వెనకవైపు మోసినవాడు

మా నాయిన జోసఫ్ డెబ్బై ఒకటి యుద్ధంలో గాయపడ్డవాళ్ళను స్ట్రెచర్ మీద మోసి శౌర్యపతకం తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాడే గానీ, ముప్పై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని చొక్కాకు పెట్టుకోలేదు. 2008లో నాచారంలో మా చర్చివాళ్ళు పంద్రాగస్టుకు సన్మానం చేస్తాం, పతకం పెట్టుకుని రమ్మన్నారు. ఇక చూడాలి ఆయన అవస్థ! కాలు కాలిన పిల్లిలా ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే లేచేవాడు. ఉప్పల్ రింగురోడ్డు దాకా నడిచిపోయి, ఎందుకు వెళ్ళాడో తనకే తెలియక తిరిగొచ్చేవాడు. నాకసలే ఓపిక తక్కువ.

"ఏంది నాయినా నీ తిరుగుడు? జర జెప్పరాదు?" అని కసిరాను.

"మల్లాపూర్ తీస్కపో దోర్కా బిడ్డా. భూషణం ఆడ ఏదో కంపెనీల వాచ్‌మన్ జేస్తున్నడట. వాన్ని ఒక్క మాట అడగాలె."

భూషణం నాయినతో పాటు పల్టను బ్యాండులో ఉండేవాడు. ఈయన బాకా ఊదితే ఆయన పెద్ద డ్రమ్ము కొట్టేవాడు. యుద్ధమొస్తే బ్యాండువాళ్ళు వాయిద్యాలు పక్కన పెట్టి స్ట్రెచర్లు అందుకోవాలి, అక్కడి పద్ధతి అది. మిగతా కథ నాయిన నా స్కూటీ వెనక కూర్చుని దారి పొడుగునా చెప్పాడు. నేను వినడం అదే మొదలు.

ఒక కెప్టెన్‌ను మోస్తున్నారట. కాళ్ళు ముందుకు, తల వెనక్కు ఉండేలా మోయాలి. ముందు నడిచే నాయినకు దారి తప్ప ఏమీ కనిపించదు. మనిషి ముఖం వెనక ఉన్న భూషణానికే కనిపిస్తుంది. చుట్టూ గుండ్లు పడుతున్నాయి. పక్క చెరకుతోటలోంచి గాయపడ్డ సిపాయి ఒకడు "అన్నా, నన్ను గూడ" అని పిలిచాడు. నాయిన ఆగాడు. కెప్టెన్ ప్రాణం పోయి ఉంటే దించేసి వాణ్ణి ఎత్తుకోవచ్చు.

"ఉన్నడా?" అని అడిగాడు.

"ఊపిరాడుతున్నది, నడువ్" అన్నాడు భూషణం.

నడిచారు. వైద్యశిబిరం చేరేసరికి కెప్టెన్‌లో ప్రాణం లేదు. సిపాయి కోసం వెనక్కి వెళ్తే తోట కాలిపోయి ఉంది. అధికారిని చివరిదాకా వదల్లేదని నాయినకు పతకం ఇచ్చారు. ముందు నడిచినవాడే కదా ఎవరి కంటికైనా ఆనేది. భూషణానికి ఏమీ రాలేదు.

"మరి కెప్టెన్ ఎప్పుడు పోయిండో ఇన్నేండ్లు ఎందుకు అడగలే?"

"భయమైంది బిడ్డా."

మల్లాపూర్‌లో ఫ్యాక్టరీ గేటు ముందు, మెడలో విజిల్ వేసుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు భూషణం. నాయినను గుర్తుపట్టి లేచాడు. నాయిన మంచీచెడ్డా అడగలేదు.

"ఆ పొల్లగాడు పిలిచినప్పుడు కెప్టెన్ ఉన్నడా, పోయిండా?"

భూషణం మెడలోంచి విజిల్ తీసి కుర్చీలో పెట్టాడు.

"పోయిండు. తోట రాకముందే, వాగు దాటంగనే పోయిండు."

నాకు ఒళ్ళు మండింది. "పోతే ఉన్నడని ఎట్ల జెప్పినవ్? ఆ సిపాయి సావుకు కారణం నువ్వు గాదా? మా నాయినకు గిన్నేండ్లు కంటికి కునుకు లేకుండ జేస్తివి!"

ఆయనకు కోపం రాలేదు. "పోయిండంటే మీ నాయిన ఆ తోటలకు ఉరుకుతుండె. వాడు ఆగడని నాకెరుక. నాకు భయమైంది బిడ్డా. ఇద్దరం ఆడనే పోయేటోల్లం. నువ్వెప్పుడు పుట్టినవ్?"

"డెబ్బై అయిదుల," అన్నాను. ఆయన్ను తిట్టడానికి నేనంటూ ఉన్నది ఆ అబద్ధం వల్లే. బతికున్నందుకు సంతోషం కలిగింది, ఆ సంతోషానికి సిగ్గూ వేసింది.

నాయిన కూడా తిట్టలేదు. గేటు ముందు అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"ఆ పొల్లగానికి గూడ ఒక బిడ్డ పుడుతుండె గదరా భూషణం," అన్నాడు.