నా నోటికి లారీ ట్యూబు

నేను ఒక గిటారుని. ఉత్త చెక్కపెట్టెను కాదు. తీగల కింద సన్నటి మైకు పట్టీ, డొక్కలో చదరపు బ్యాటరీ, పక్కన మూడు మరలూ ఉన్నదాన్ని. వైరు తగిలిస్తే ఊరంతా వినబడతానని నా అట్టపెట్టె మీద రాసి ఉండేది. అట్టపెట్టెల మీద రాతలు కొనేవాళ్లు నమ్ముతారు గానీ లోపలున్నవాళ్లు నమ్మరు.

నన్ను మొదట కొన్నది బెజవాడలో మందుల కంపెనీ ప్రతినిధి. ఒక అమ్మాయి కోసం కొన్నాడు. నాతో మూడు వందల ఫొటోలు దిగాడు, పాటన్నర నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక నేను బీరువా ఎక్కాను. చివరికి, తను మందులు చూపించడానికి వెళ్లే ఆసుపత్రిలోని నర్సు సువార్తమ్మకు నన్ను అప్పగించి చేతులు దులుపుకున్నాడు.

ఆవిడది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు పాలెం. నర్సింగు హాస్టల్లో గిటారు నేర్చుకుందట. తొలిరోజే నన్ను తొడ మీద పెట్టుకుని, నాకే తెలియని నా గొంతు పలికించింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం చర్చిలో నా పని నాకుంది.

అయితే ఆ ఊళ్లో ఉప్పుగాలి. సైకిలు గొలుసు మొదలు గేటు గొళ్లెం దాకా, తుప్పు పట్టకుండా అన్నిటికీ కొబ్బరినూనె రాస్తారు. సువార్తమ్మ నా తీగలకూ రాసింది. ప్రతి శనివారం, చంటిబిడ్డకు రాసినంత శ్రద్ధగా. నేను నిగనిగలాడాను. గొంతు మాత్రం రోజురోజుకీ పూడుకుపోయింది.

చర్చి ప్రతిష్ఠ పండుగ పది రోజుల్లో ఉందనగా, పాటల జట్టుకు పెద్ద, కీబోర్డు వాయించే జకర్యా తేల్చేశాడు.

"మీ గిటారు చూట్టానికి బాగుంది సిస్టరమ్మా. వినబడట్లా. పండగ నాటికి వినబడకపోతే మీరు తాళాలు వాయించుకోండి."

ఆ పండుగలో మొదటి పాట సువార్తమ్మ సొంతంగా కట్టింది. తన పాటకు తను తాళాలు వాయించుకుంటూ నిలబడాలన్నమాట. నా మెడ మీద ఆవిడ వేళ్లు బిగుసుకోవడం నాకు తెలిసింది.

మైకుసెట్టు కోటేశు ధైర్యం చెప్పాడు. "ఉండక్కా, ఫుల్లు పెడతన్నా."

పెట్టాడు. నేను నక్కలా ఊళ పెట్టాను. చూరు మీది కాకులు లేచిపోయాయి. మనుషులకు తెలిసిన వైద్యం ఒక్కటే, వినబడకపోతే పెంచడం. ఇళ్లలో మాటలకూ అదే వాడతారు.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి, సువార్తమ్మ మెడలోని స్టెతస్కోపు నా పొట్ట మీద ఆనించి ఒక్కో తీగా మీటింది. అత్తగారు రాహేలమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతూ చూసింది.

"గిటారుకి గూడా బీపీ చూస్తన్నావా?"

"చూస్తన్నా అత్తమ్మా. పడిపోయింది."

ఐదు తీగలు జలుబు చేసినట్టు మూలిగాయి. ఆరోది ఖంగుమంది. అది తెగిపోతే మూడు రోజుల క్రితమే కొత్తది వేసింది. ఇంకా దానికి శనివారం రాలేదు. సువార్తమ్మ తీగల వంక చూసి, కిటికీలోని నూనె సీసా వంక చూసి, తల కొట్టుకుంది. చీరాల వెళ్లి కొత్త తీగలు, కొత్త బ్యాటరీ తెచ్చింది. ఇక వాయించాక పొడిగుడ్డే, నూనె లేదు.

గొంతు వచ్చింది. చర్చిలో కోటేశు పెంచితే మాత్రం దానితోపాటు ఊళా వచ్చింది. అతను తగ్గించడానికి పరిగెత్తేలోగా ఆవిడ, ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టినట్టు, తీగల కింద గుండ్రంగా తెరుచుకున్న నా నోటి మీద అరచెయ్యి మూసింది. ఊళ ఆగింది. తీసింది, మొదలైంది. మళ్లీ మూసింది, ఆగింది.

"స్పీకరు పెట్టెల మోత దీని నోట్లో దూరి మళ్లీ మోగతంది కోటేశూ. పెట్టెలు జనం ముందుకి జరుపు. నేను వాటి వెనక కూర్చుంటా."

ఆ తర్వాత నన్ను పంచరు షాపు మస్తాను దగ్గరకు మోసుకెళ్లింది. పాత లారీ ట్యూబులోంచి నా నోటికి సరిపడా బిళ్ల కోయమంది.

"గట్టిగా మాట్టాడాలని నోరు మూస్తారా సిస్టరమ్మా? అట్టయితే మా ఇంటిదానికి గూడా ఒకటి కోసుకుంటా."

"కొయ్యి. ముందు నీ సైజుది."

పండుగనాడు ఉదయం, తాటాకు పందిట్లో ఆరువందల మంది. నోట్లో నల్లటి రబ్బరు బిళ్లతో, అందం పోయి, నేను ఆవిడ ఒళ్లో ఉన్నాను. మూడు మరల్లో లావు గొంతుది కాస్త తగ్గించి, మొదటి తీగ మీటింది. ఆ మోత పందిరి దాటి, రోడ్డు దాటి, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ల దాకా పోయింది. వాళ్లు తలలెత్తారని తరువాత చెప్పుకున్నారు. వెనక చాపల మీద రాహేలమ్మ, "అది మా కోడలి పాట" అని పక్కనున్న ఆమెకు మూడుసార్లు చెప్పిందట.

రెండో చరణానికి ముందు జకర్యా ఇటు వంగాడు.

"సిస్టరమ్మా, కాస్త తగ్గిస్తారా. నా కీబోర్డు వినబడట్లా."

"అయ్యో, దానికేం తమ్ముడూ" అని ఆవిడ నా మోత తగ్గించే మర మీద వేలు పెట్టింది. పెట్టి, తిప్పకుండానే తీసేసింది.