ముందరి పేజీ

"సైటు ముందర రశ్మి ఫోటో పెట్టు. నీదెందుకులే, ఎండకు మాడిన మొగం" అని మొగుడు తిలక్ అన్నది ఆర్నెల్ల కిందట. అన్నవాడు అప్పుడే మరిచిపోయినాడు. చైత్ర మాత్రం దినామూ పొద్దున మామిడి మొక్కలకు అంటు కట్టేటప్పుడు ఒక్కో మొక్కకూ ఆ మాట చుట్టి టేపు బిగిస్తానే ఉంది. వేప్పనపల్లి నర్సరీలో ఆ ఏడు ఒక్క అంటూ చావకపోవడానికి ఆ కడుపుమంట వేడే కారణమంటే నమ్మాల్సిందే.

నర్సరీకి వెబ్‌సైటు కట్టింది చైత్రే. పెళ్లికి ముందు హోసూరులో ఆమె ఉద్యోగమే అది. ఇంట్లో అదీ వంటపని కింద లెక్క, జీతం లేదు. మొదట తన చేతులు అంటు కడుతున్న ఫోటోతో హోమ్ అనే పేజీ రాసింది. తరువాత మొగుడి మాట మీద ఇండెక్స్ అనే పేజీ రాసి, పట్టుచీర కట్టిన తోడికోడలు రశ్మిని అందులో నిలబెట్టింది. ఫలానా పేజీ అని చెప్పకుండా ఉత్త సైటు పేరు కొట్టి వచ్చినవాళ్లకు ఏది చూపాలో సర్వరు దగ్గర ఒక వరుస ఉంటుంది. మొదట ఇండెక్స్ ఉందా అని వెతుకుతుంది. ఉంటే అదే చూపి ఊరుకుంటుంది. లేకుంటేనే హోమ్ దాకా వస్తుంది. అచ్చం అత్త పుట్టమ్మ మాదిరే. చుట్టాలొస్తే "రశ్మీ, కాఫీ తీసుకురామ్మా" అని పిలిచేది ఒకరిని, ఆ కాఫీ కాచేది ఇంకొకరు.

ఫోటో తీసిన దినం రశ్మి అంటుపుల్లను తలకిందులుగా పట్టుకుంది. మొగ్గలు నేలను చూస్తున్నాయి. చైత్ర చూసింది, చెప్పలేదు. ఆ తప్పును చక్కెరబిళ్ల మాదిరి ఆర్నెల్లు బుగ్గన పెట్టుకుని చప్పరించింది.

ఈ దినం కృష్ణగిరి మహిళా రైతుల సంఘం నుంచి కలైసెల్వి ఫోన్ చేసింది. సైటులో ఉండే అమ్మ రేపు వచ్చి నలభై మందికి అంటు కట్టడం నేర్పాలంట. రశ్మి వస్తుందని తిలక్ మాటిచ్చేసినాడు. సాయంత్రానికల్లా రశ్మికి నేర్పెయ్యమని చైత్రకు చెప్పినాడు. తన చేతికి పదకొండేళ్లుగా పట్టుబడిన పని, సాయంత్రానికల్లా.

పోనీ, నలభై మంది ముందర తలకిందుల పుల్లతో నిలబడనీ అనుకుంది చైత్ర. వాళ్ల నవ్వు కెలవరపల్లి డ్యాము దాకా వినబడాల. అంతలో రశ్మి వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. నేర్చుకోబోతే కత్తికి వేలు తెగిందంట.

"నాకు రాదక్కా. ఫోటో కూడా నేనడగలేదు. కాఫీ తట్ట ఇచ్చినట్టే పుల్లా చేతికిచ్చినారు, పట్టుకున్నాను."

గుడ్డకు నెత్తురు ఊరుతా ఉంది. చైత్రకు నోట్లో చక్కెర చేదెక్కింది.

"దాన్ని తలకిందులుగా పట్టుకున్నావు. చూసీ నేను చెప్పలేదు."

రశ్మి వేలి గుడ్డను ఇంకొంచెం బిగించుకుంది. "నీ చోట ఉంటే నేనూ చెప్పుండను," అనింది.

చైత్ర ల్యాప్‌టాప్ తెరిచి, ఇండెక్స్ పేరు తీసేసి ఆ పేజీకి రశ్మి అని పేరు పెట్టింది. ఇంకేమీ ముట్టలేదు.

కాసేపటికి తిలక్ ఫోన్ పట్టుకుని వచ్చినాడు. "ఏం చేసినావు? సైటు తెరిస్తే నీ చేతులొస్తా ఉండాయే?"

"కొత్తగా ఏం పెట్టలేదు. ముందర నిలబెట్టినదాన్ని పక్కకు జరిపినాను. దాని వెనక నేను మొదటినుంచీ ఉండాను." చైత్ర అంటుకత్తిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. "పొద్దున ఏడు గంటల బస్సుకు రశ్మీ నేనూ ఇద్దరమూ పోతాము. కాఫీ మీరే కాచుకోండి."