తునికాకు నలుపు

వీరేందర్‌కు సిరిసిల్లలో నాలుగు సాంచాలున్నాయి. సాంచాలంటే మరమగ్గాలు. అవి ఆడితే ఇల్లు ఆడుతుంది, ఆగితే పొయ్యి కూడా ఆగుతుంది. ఆ ఏడు అవి ఎక్కువగా ఆగే ఉన్నాయి. గల్లీలో ఒక్కొక్కరే మగ్గాలను తుక్కు కింద తూచి అమ్మి, భీవండికో మస్కట్‌కో పోతున్నారు. వీరేందర్ కూడా మస్కట్‌కు వీసా తెచ్చుకున్నాడు. నెలాఖరున విమానం.

అయినా ఒక ఆశ మిగిలింది. హైదరాబాద్‌లో బట్టల వ్యాపారం చేసే శ్రీలత నల్లటి నూలుగుడ్డ కావాలంది, ఏడాది పొడవునా తీసుకుంటానంది. షరతు ఒక్కటే: రంగునీళ్లు వాగులో కలవకూడదు. ఆ మాటకు వీరేందర్‌కు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. అద్దకం షెడ్డు నుంచి నల్లనీళ్లు కాలువ గుండా వాగులోకి పోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు. నలుపంటే అట్లాగే పుడుతుందనుకున్నాడు. షెడ్డు యజమానిని అడిగితే, "నీళ్లను గూడ కడుగుమంటవా ఏంది? నీళ్లతోనే గదా కడిగేది!" అని ఎకసెక్కమాడాడు.

"గా ఆర్డర్ మనకు అచ్చేది గాదు తియ్యి," అన్నాడు ఇంటికొచ్చి భార్య ప్రవళికతో. "పోవుడే ఇగ."

అల్లుడు దేశం దాటుతున్నాడని కోరుట్ల నుంచి ప్రవళిక తల్లి నర్సక్క వచ్చింది. బీడీలు చుట్టే చెయ్యి ఊరికే ఉండదు కదా, చాట, కత్తెర, తునికాకు కట్టలు వెంట తెచ్చుకుంది. ఆమెది పాత పద్ధతి. అల్లుడి ఎదుట నిలబడదు, నేరుగా మాట్లాడదు. "అల్లునికి బువ్వ పెట్టు బిడ్డా" అని అతడికి వినబడేలా తలుపు వెనక నుంచి కూతురికి చెబుతుంది. అతడూ ప్రవళిక వైపు చూసే జవాబిస్తాడు. మధ్యలో ప్రవళిక తల పట్టుకుంటుంది.

ఎండిన బీడీ ఆకు చుట్టబోతే విరుగుతుంది. అందుకే సాయంత్రం తడిపి, తడిగుడ్డలో మూటగట్టి, పొద్దున మెత్తబడ్డాక కత్తిరిస్తారు. నర్సక్క అలాగే చేసింది. కాకపోతే పాతగుడ్డ అనుకుని దండెం మీదున్న గుడ్డ లాగింది. అది శ్రీలతకు చూపిద్దామని ముందే నేసి, ఉతికి ఆరేసిన తెల్లటి నమూనా. కత్తెర ఎక్కడైనా పోతుందేమోనని దాన్నీ మూటలోనే పెట్టింది.

పొద్దున మూట విప్పితే గుడ్డ మీద మచ్చలున్నాయి. కత్తెర ఉన్నచోట కత్తెర బొమ్మే నల్లగా దిగింది.

నర్సక్క సబ్బు పెట్టి రుద్దింది, బండకేసి బాదింది. ప్రవళిక కూడా బాదింది. మచ్చ కదల్లేదు.

"కండ్లు కనవడ్తలేవానే అవ్వా? పోయేటోనికి గిదొక్కటి తక్కువైందా?" అని కూతురు అరిచేసరికి పెద్దామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వీరేందర్‌కూ కోపమొచ్చింది. గుడ్డ లాక్కుని తానే రుద్దాడు. వేళ్లు ఎర్రబడ్డాయి గాని నలుపు నలుపే. రుద్దుతూ రుద్దుతూ ఆగిపోయాడు. కోపం ఎటు పోయిందో అతడికే తెలియలేదు.

షెడ్డులో గుడ్డకు నలుపెక్కాలంటే మరిగే నీళ్లు, బస్తాల కొద్దీ ఉప్పు, ముక్కు మండే మందులు కావాలి. ఇక్కడ పొయ్యే వెలగలేదు. ఆకు, ఇనుము, కాస్త తడి, అంతే. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా నలుపు దానంతటదే పుట్టింది.

"కత్తిరించినంక మిగిలిన ఆకు ఏంజేస్తరో మీ అవ్వను అడుగు," అన్నాడు ప్రవళికతో.

"ఏంజేస్తం బిడ్డా? పొయ్యిల పెడ్తం, లేకుంటె మోరిల వోస్తం," అంది నర్సక్క తలుపు వెనక నుంచి, ఇంకా ముక్కు చీదుకుంటూ.

పక్కింటి మల్లన్న ఒకప్పుడు చేనేత నూలుకు రంగులద్దినవాడు. సంగతి విని, "తుప్పువట్టిన ఇనుమును బెల్లం నీళ్లల్ల నానవెట్టి సూడు. మా నాయిన గట్లనే జేసేటోడు. మేమే షాపు రంగులకు మరిగినం," అన్నాడు. సాంచాల పాత మొలలు, బోల్టులు బెల్లం నీళ్లలో పడ్డాయి. రెండు వారాలకు నీళ్లు పులిసి ఘాటు వాసన వేశాయి.

ఆకు ముక్కలు ఉడికించిన నీళ్లలో ముంచితే గుడ్డ చాయ్ రంగుకు తిరిగింది. "గింతేనా?" అని ప్రవళిక మూతి విరిచింది. వీరేందర్ దాన్ని పిండి ఇనుపనీళ్లలోకి దించాడు. ముందు అంచు బూడిదరంగుకు వచ్చింది. అక్కణ్నుంచి మబ్బు కమ్మినట్టు నలుపు గుడ్డంతా పాకింది. మళ్లీ మళ్లీ ముంచి గాలికి ఎత్తి పట్టుకుంటే ఇంకా చిక్కబడింది. పుట్టినప్పటి నుంచి బట్ట మధ్యే బతికిన వీరేందర్, బట్టను మొదటిసారి చూసినట్టు చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఇంత నలుపు గా ఆకుల యాడ దాసుకున్నదయ్యా, అల్లుడా!" అంది నర్సక్క, అతడి ఎదుటే నిలబడి, అతడి చెయ్యి పట్టుకుని. పట్టుకున్నాక సోయి వచ్చి నాలుక కరుచుకుని లోపలికి ఉరికింది.

విమానం రెండు రోజులుందనగా శ్రీలత వచ్చింది. నల్లగుడ్డను తెల్ల చేతిరుమాలుతో రుద్దింది, నీళ్లలో నానేసింది. రంగు దిగలేదు. "మిగిలిన నీళ్లు ఎటు పోతున్నయి?" అని అడిగింది.

"యాడికి పోవు మేడం. గా నీళ్లల్లనే మల్ల ఆకేసి ఉడకవెడ్తం. ఇనుపనీళ్లల్ల మల్ల బెల్లం ఏస్తం. పిప్పి చేన్లకు ఎరువు."

ఆమె ఆ నీళ్లలో చెయ్యి పెట్టింది. "నలుపు నీళ్లల్ల భయం లేకుంట చెయ్యి పెట్టుడు నాకిదే మొదలు," అంది మెల్లగా. "కానీ ఒక్క తానుకు కాదు గదా. ఏడాదికి సరిపడ ఆకు ఉందని చూపియ్యండి. ఆర్డర్ మీదే."

మర్నాడు వీరేందర్ నల్లతాను చంకన పెట్టుకుని నర్సక్కతో కోరుట్ల బస్సెక్కాడు. విమానం టికెట్ జేబులోనే ఉంది. ఆకు దొరక్కపోతే పోక తప్పదు.

నర్సక్క ఉండే గల్లీలో గడప గడపకూ ఒక చాట, ఒక కత్తెర. "ఊకె తీస్కపోడు, మా అల్లుడు పైసలిస్తడు," అని నర్సక్క అందరికీ చెప్పింది. ఆడవాళ్లు ఇళ్ల వెనక్కి తీసుకుపోయి కుప్పలు చూపించారు. తెచ్చిన సంచులు మొదటి నాలుగిళ్లకే నిండిపోయాయి. ఇంకా గల్లీ ఉంది, పక్క గల్లీ ఉంది. ఇంత నలుపు రోజూ మురికికాలువల పాలవుతోందా అని అతడు నోరు తెరిచాడు. ఫొటోలు తీసి శ్రీలతకు పంపాడు. "మొదలుపెట్టండి" అని జవాబొచ్చింది.

నర్సక్క పక్కింటి దేవవ్వ తానును మోకాళ్ల మీద పరిచి నిమిరింది.

"గిది మా ఆకేనా?"

"నీ ఆకే అవ్వా."

ఆమె నమ్మలేదు. ఎండకు పట్టి చూసింది, మళ్లీ నిమిరింది. తర్వాత రొండిలోంచి ఫోన్ తీసి మస్కట్‌లో ఉన్న కొడుక్కి వీడియో కాల్ చేసింది. అవతల పసుపు హెల్మెట్ కింద ఎండకు కమిలిన మొహం కనిపించింది.

"సతీశూ, గిది సూడు కొడుకా. నేను పెంట మీద వారవోసిన ఆకు. గిట్లయింది!" అని గుడ్డ చూపించి, "నర్సక్క అల్లుడు జేసిండు, సిరిసిల్లల," అంటూ ఫోన్ వీరేందర్ చేతికిచ్చింది.

"అన్నా, సిరిసిల్లల మల్ల సాంచాలు ఆడుతున్నయా?" అన్నాడు సతీశ్. "నేను గా పని జేసినోన్నే. సాంచాలు బందైతేనే ఈడికచ్చిన. నాకు పని దొరుకుతదానే?"

ఎల్లుండి ఈపాటికి వీరేందర్ మొహం కూడా అలాంటి హెల్మెట్ కిందే ఉండేది.

"నాలుగు సాంచాలున్నయి తమ్మీ. నేనొక్కన్నే ఉన్న," అన్నాడు. "నేను గూడ గాడికే రావాల్సినోన్ని, ఇగ వస్తలేను. నువ్వే రా."

సతీశ్ హెల్మెట్ తీశాడు. చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"అవ్వా," అన్నాడు, "గా గుడ్డ ఇంకొక్కసారి సూపియ్యే."